డాక్టరు అడిగిన ప్రశ్నకు రెండుసార్లు లేదన్నాను

స్పెయిన్‌లో సముద్రం ఒడ్డున ఉన్న మాలగా అనే ఊళ్ళో మా కిరాయి ఇల్లు మూడో అంతస్తు. లిఫ్ట్ లేదు. ఒకరోజు పాపను చంకనేసుకుని, ఇంకో చేతిలో పాలు, ఉల్లిగడ్డల సంచితో మెట్లెక్కుతూ రెండో అంతస్తులో కూలబడ్డాను. ఊపిరి అందలేదు. నేను దగ్గుతుంటే అది ఆట అనుకుని పాప నా మెడ పట్టుకుని నవ్వుతోంది. పైన మా ఎదురింట్లో ఉండే ఇంగ్లండ్ పెద్దావిడ తలుపు తీసి, కిందికి దిగి వచ్చి చూసి, "చంటిపిల్లల తల్లులకు నిద్రెక్కడుంటుందిలే" అని ఇంగ్లీషులో అని, సంచి తనే పైకి తెచ్చి పెట్టింది.

నేను కూడా అదే అనుకోవాలని చూశాను. నిద్ర లేకనే, పాలివ్వడం వల్లనే, చలి పోయి ఎండ రావడం వల్లనే అనుకోవాలని.

కానీ అప్పటికే దగ్గు మొదలై నెల దాటింది. సాయంత్రం అయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. తెల్లారి లేస్తే నైటీ చెమటతో తడిసి ఉండేది. వీడియో కాల్‌లో చూసిన మా అత్తమ్మ, "మంచిగ సన్నబడ్డవ్ లలితా, కాన్పు ఒళ్ళు దిగింది" అని మెచ్చుకుంది. ఆ మెప్పుకు నవ్వాను. ఈ లక్షణాలు అన్నీ కలిస్తే ఏ జబ్బు అవుతుందో నాకు తెలియదని రాస్తే ఇకమీద రాసేదంతా అబద్ధం అవుతుంది. నాకు తెలుసు. మా ఇంట్లో చూశాను.

మాది భద్రాచలం పక్కన బూర్గంపాడు మండలంలో ఒక తండా. నాన్న సారపాక పేపర్ మిల్లులో కాంట్రాక్టు కింద జామాయిల్ కర్ర దించే పనికి పోయేవాడు. నేను ఖమ్మంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నప్పుడు ఆయనకు టీబీ వచ్చింది. తగ్గింది. నా చదువు అయిపోయి ఇంటికి వచ్చిన ఏడాది మళ్ళీ వచ్చింది. రెండుసార్లూ మా ఇంట్లో ఆ పేరు ఎవరూ పలకలేదు. ఎవరైనా అడిగితే "నిమ్ము చేసింది" అనేవాళ్ళం. ఊపిరితిత్తులకు చల్లదనం పట్టిందని దాని అర్థం. జలుబు ముదిరినా నిమ్మే, న్యుమోనియా అయినా నిమ్మే. మా వైపు ఏ ఇంట్లోనైనా ఎవరైనా చాన్నాళ్ళు దగ్గితే అది నిమ్మే. ఆడపిల్ల పెళ్ళికి ఉన్న ఇంట్లో అంతకుమించి పేరు పెట్టరు. నాకు సంబంధం వచ్చినప్పుడు మా అమ్మ ఒక్కటే మాట చెప్పింది. "మీ నాన్న సంగతి అడిగితే నిమ్ము అను. అడగకపోతే ఏం అనకు." వాళ్ళు అడగలేదు. మా ఆయన మోహన్‌ది ఖమ్మం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పెళ్ళైన మరుసటి ఏడాది కంపెనీ ఆయన్ను మాలగాకు పంపింది.

అక్కడ మేం బతికింది ఇంగ్లీషులో. ఆయన ఆఫీసులో అందరూ ఇంగ్లీషే. మా చుట్టూ ఇంగ్లండ్ నుంచి, ఐర్లండ్ నుంచి వచ్చి స్థిరపడిన పెద్దవాళ్ళు. వాళ్ళ షాపులు, వాళ్ళ పుస్తకాల లైబ్రరీ, వాళ్ళ చాయ్ దుకాణాలు. తండాలో లంబాడీ, బడిలో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు నేర్చుకున్న నాకు, ఆ ముసలివాళ్ళతో గడగడా ఇంగ్లీషు మాట్లాడుతుంటే ఎక్కడికో ఎదిగానని ఉండేది. రెండేళ్ళలో స్పానిష్ పది మాటలు కూడా నేర్చుకోలేదు. ఇరవై ఏళ్ళ నుంచి ఉంటున్న ఇంగ్లీషువాళ్ళకే రాదు, నాకెందుకు అనుకున్నాను. ఒంట్లో బాగున్నన్ని రోజులు అది నడిచింది.

మెట్ల దగ్గర కూలబడిన విషయం విని మోహన్ సర్కారు ఆరోగ్య కేంద్రంలో అపాయింట్‌మెంట్ తీసుకున్నాడు. అక్కడి డాక్టరుకు ఇంగ్లీషు రాదు. అందుకని సుజాతక్కను వెంట తీసుకెళ్ళాం. విజయవాడ ఆమె. అక్కడ పదేళ్ళుగా ఉంటోంది. ఆదివారాలు సముద్రం ఒడ్డున కలుసుకునే తెలుగు కుటుంబాల్లో స్పానిష్ బాగా వచ్చింది ఆమెకే. ఎవరికి ఏ ఆఫీసు పని పడ్డా ఆమెనే తీసుకుపోయేవాళ్ళం. మంచి మనిషి. ఏ ఇంటి మాట అయినా నవ్వుతూ ఇంకో ఇంట్లో చెప్పేస్తుంది, అంతే.

డాక్టరు కంప్యూటర్ చూస్తూ వరుసగా అడుగుతోంది. సుజాతక్క తెలుగులో చెబుతోంది. సిగరెట్ తాగుతావా. ఏవైనా అలర్జీలా. పాలిస్తున్నావా. తర్వాత సుజాతక్క నవ్వి, "ఇంట్లో ఎవరికైనా టీబీ వచ్చిందా అంటోంది లలితా. మన ఇండియా వాళ్ళని అందర్నీ అడుగుతారులే ఇది, ఏదో మనమంతా అదే పట్టుకుని తిరుగుతున్నట్టు. లేదని చెప్పెయ్యనా?" అంది.

మోహన్ పాపను ఎత్తుకుని నా పక్కనే నిలబడ్డాడు. ఆయనకూ నవ్వు వచ్చింది.

"లేదక్కా" అన్నాను.

అంత తేలిగ్గా వచ్చింది ఆ మాట. డాక్టరు ఛాతీ విని, ఇన్‌హేలర్ రాసి, పది రోజుల్లో తగ్గకపోతే ఎక్స్-రే తీయాలని చీటీ ఇచ్చింది. ఎక్స్-రే వాళ్ళు తర్వాత ఫోన్ చేశారు. స్పానిష్‌లో గబగబా మాట్లాడుతుంటే అర్థం కాక, సిగ్గుతో, "నో స్పానిష్" అని పెట్టేశాను. మళ్ళీ సుజాతక్కను అడగబుద్ధి కాలేదు. దగ్గు తగ్గలేదని ఆమెకు తెలియడమే నాకు ఇష్టం లేదు. ఇంగ్లీషువాళ్ళు వెళ్ళే ప్రైవేటు క్లినిక్‌కు నేనొక్కదాన్నే పోయాను. అక్కడి డాక్టరు చక్కగా ఇంగ్లీషు మాట్లాడాడు. ఒక గట్టి యాంటిబయాటిక్ ఇచ్చాడు. మూడు వారాలు బాగనిపించింది. మోహన్, "చూసినవా, ఊకె భయపడ్డవ్" అన్నాడు. నాకూ ఊరట కలిగింది. దేవుడికి దండం కూడా పెట్టుకున్నాను. దాచిన మాట దాచినట్టే ఉండి, జబ్బు దానంతట అదే పోయిందని.

ఆ రోజుల్లోనే మా అత్తమ్మ వీడియోలో పాప చేతులు చూసి, "ఏందే, పాపకు భుజం మీద మచ్చ లేదు? పుట్టంగనే సూది ఎయ్యలేదా?" అని అడిగింది. బీసీజీ టీకా మచ్చ గురించి. "ఇక్కడ ఆ జబ్బులు ఉండవు అత్తమ్మా, ఆ సూది వెయ్యరు" అన్నాను. గొప్పగానే అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు పాప నా ఒళ్ళోనే ఉంది. నేను దగ్గు ఆపుకుంటున్నాను.

ఒకరోజు పళ్ళు తోముకుంటూ దగ్గితే వాష్ బేసిన్‌లో ఎర్రగా పడింది. చిగుళ్ళ నుంచి అనుకుందామంటే చిగుళ్ళు కాదు. మోహన్‌ను పిలిచాను. టాక్సీ ఎక్కి పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్ళాం. రిసెప్షన్‌లో ఇంగ్లీషులో చెబితే ఆమె తల అడ్డంగా ఊపింది. ఫోన్‌లో వెతికి ఒక్కమాట చూపించాను. సాంగ్రే. రక్తం. స్పానిష్‌లో నాకై నేను వెతుక్కుని నేర్చుకున్న మొదటి మాట అది.

ఎక్స్-రే తీసిన పావుగంటకే ఒక నర్స్ వచ్చి నా మొహానికి మాస్క్ పెట్టి, పాపను మోహన్ చేతికిచ్చి, నన్ను వేరే గదిలోకి తీసుకుపోయింది. తలుపు మీద ఏదో కాగితం అంటించారు. తర్వాత వచ్చిన డాక్టరుకు ఇంగ్లీషు వచ్చు. సన్నటి మనిషి, ఆగి ఆగి మాట్లాడేవాడు. ఎక్స్-రేలో కుడివైపు పైన వేలు పెట్టి, "ఇక్కడ రంధ్రం పడింది" అన్నాడు. "ఎన్నాళ్ళ నుంచి దగ్గు?"

"మూడు నెలలు దాటింది."

"ఇంట్లో చిన్నపిల్లలు?"

"ఒక పాప. ఏడాది దాటింది."

ఆయన రాయడం ఆపి పెన్ను మూత పెట్టాడు. "పాపను ఈరోజే చూడాలి" అన్నాడు.

స్పుటమ్, అంటే కళ్ళె పరీక్షలో టీబీ అని తేలింది. ఐసోలేషన్‌లో ఉంచారు. మాత్రలు మొదలుపెట్టారు. మోహన్ మాస్క్ వేసుకుని వచ్చి కూర్చున్నాడు. "ఇంట్ల చెప్పకు. అమ్మకు అస్సలు చెప్పకు. నిమ్ము అని చెప్దాం" అన్నాడు. ఆ మాట ఆయన నోటి నుంచి వినగానే నాకు మా ఇల్లే గుర్తొచ్చింది. ఆయన కూడా మాలాంటి ఇంటివాడే. ఇప్పుడైనా చెప్పొచ్చు అనిపించింది. నోరు తెరిచేలోపే డాక్టరూ, కాంటాక్టుల లిస్టు రాసుకునే నర్సూ లోపలికి వచ్చారు. నేనెవరితో కలిసి తిరిగాను, ఎవరి ఇళ్ళకు వెళ్ళాను, అన్నీ అడిగారు. తర్వాత డాక్టరు అడిగాడు.

"ఇండియాలో మీ ఇంట్లో ఎవరికైనా టీబీ ఉందా? ఎప్పుడైనా చికిత్స తీసుకున్నారా?"

"నాకు తెలిసి లేదు" అన్నాను.

మొదటిసారి భయంతో అబద్ధమాడానని సర్దుకోవచ్చు. రెండోసారికి ఏ సాకూ లేదు. నా జబ్బు పేరు బయటపడిపోయింది. దాచడానికి మిగిలింది మోహన్ ముందు నా పరువు ఒక్కటే. పెళ్ళప్పుడు దాచారని తెలిస్తే ఏమంటాడో అన్న భయం ఒక్కటే. దానికోసం అన్నాను. అక్కడ ఆసుపత్రి తరఫున ఫోన్‌లో దుబాసీని పిలిపిస్తామన్నారు కూడా. "అవసరం లేదు, నాకు ఇంగ్లీషు వచ్చు" అని దాన్ని కూడా కాదన్నాను.

పాపకు చేతి మీద స్కిన్ టెస్ట్ చేశారు. నెగెటివ్. ఎక్స్-రే బాగానే ఉంది. అయినా అంతమంది రోగులను చూసిన వాళ్ళు ఊరుకోరు కదా, ముందు జాగ్రత్తగా ఐసోనియాజిడ్ అనే సిరప్ రోజూ వేయమన్నారు. రెండు నెలలయ్యాక మళ్ళీ పరీక్ష చేస్తామన్నారు. మోహన్ సెలవు పెట్టి పాపను చూసుకున్నాడు. నేను ఆసుపత్రి గదిలో కిటికీ దగ్గర నిలబడితే, కింద పార్కింగ్‌లో పాపను పైకెత్తి చూపించేవాడు. పాప ఎండకు కళ్ళు మూసుకునేది. నన్ను గుర్తుపట్టిందో లేదో తెలిసేది కాదు.

మూడు వారాలకు ఇంటికి పంపారు. మాత్రలతో కడుపులో తిప్పేది. మూత్రం నారింజ రంగులో వచ్చేది. కానీ దగ్గు తగ్గింది, ఆకలి వేసింది. అన్నం తిన్నాక కన్నీళ్ళు వచ్చేవి. అంతగా తినాలనిపించి ఎన్ని రోజులైందోనని.

నేను కోలుకుంటున్నాను. పాప చిక్కిపోతోంది. మొదట పళ్ళొస్తున్నాయని అనుకున్నాం. గిన్నె చూస్తేనే మొహం తిప్పుకునేది. సాయంత్రాలు నుదురు వెచ్చగా ఉండేది. ఒకరోజు తలంటు పోస్తుంటే పక్కటెముకలు చేతికి తగిలాయి. సిరప్ వేస్తున్నాంగా, ఏం కాదు అన్నాడు మోహన్. నేను ఊ అన్నాను. నా చేతులు మాత్రం ఊరుకోలేదు. రోజుకు పదిసార్లు ఆ నుదురు ముట్టుకునేవి.

ఆ వారమే నా కల్చర్ రిపోర్టు వచ్చింది. స్పుటమ్‌లోని క్రిములను వారాల పాటు పెంచి, ఏ మందుకు చస్తాయో చూసే పరీక్ష అది. డాక్టరు ఫోన్ చేసి రమ్మన్నాడు. పాపను కూడా తీసుకురమ్మన్నాడు.

"మీ క్రిముల మీద ఒక మందు పనిచేయడం లేదు. ఐసోనియాజిడ్."

పాపకు నేను రోజూ పొద్దున్నే చెంచాతో వేస్తున్న సిరప్ అది.

"మీరు ఇంతకుముందు టీబీ మందులు వాడారా?"

"లేదు."

"అయితే వాడి, మధ్యలో ఆపినవాళ్ళ దగ్గర నుంచి మీకు వచ్చి ఉండాలి" అన్నాడు. ఎవరని నన్ను అడగలేదు. నేనూ చెప్పలేదు. మోహన్ పాప చెప్పు ఊడిపోతే తొడుగుతున్నాడు.

ఎక్స్-రేలో పాప ఛాతీలో లింఫ్ నోడ్స్ అనే గ్రంథులు వాచి కనిపించాయి. అడ్మిట్ చేశారు. అంత చిన్నపిల్లలు కళ్ళె ఉమ్మలేరు, మింగేస్తారు. అందుకని తెల్లారగానే, పరగడుపున, ముక్కులోంచి కడుపులోకి సన్నటి గొట్టం వేసి నీరు తీస్తారు. వరుసగా మూడు రోజులు తీయాలి. మొదటి రోజు ఇద్దరు నర్సులు పట్టుకున్నారు. పాప అరిచిన అరుపు ఏ భాషా కాదు. నేను లోపల ఉండలేక కారిడార్‌లోకి వచ్చేశాను. లోపల మోహన్ పాప కాళ్ళు పట్టుకుని, "అయిపోయింది బంగారం, అయిపోయింది" అంటున్నాడు. అవడం లేదు.

పిల్లల డాక్టరమ్మ నా వెనకే బయటికి వచ్చింది. ఆమెకు ఇంగ్లీషు అంతంత మాత్రం. ఈసారి నన్ను అడగకుండానే ఒక ఫోన్ స్పీకర్‌లో పెట్టి బల్ల మీద ఉంచింది. అందులోంచి ఒక మగగొంతు ఇంగ్లీషులో తాను దుబాసీనని, ఇక్కడ విన్నది ఎక్కడా చెప్పనని చెప్పింది. ఆయనెవరో నాకు తెలియదు. ఆదివారం సముద్రం ఒడ్డున కనపడడు. డాక్టరమ్మ అడిగింది, ఆ గొంతు దాన్ని ఇంగ్లీషులో చెప్పింది. అదే ప్రశ్న.

"మా నాన్నకు" అన్నాను. "రెండుసార్లు."

ఆమె పేపర్ తీసుకుంది. మొదటిసారి ఏ మందులు, ఎన్ని నెలలు, ఆపారా, రెండోసారి ఏం ఇచ్చారు. నాకు సగమే తెలుసు. "కనుక్కోండి, ఇప్పుడే" అంది. తర్వాత నెమ్మదిగా ఇంకో మాట అంది. దుబాసీ కూడా దాన్ని నెమ్మదిగానే చెప్పాడు. "ఇది మొదటే తెలిసి ఉంటే పాపకు ఆ సిరప్ ఒక్కటే పెట్టేవాళ్ళం కాదు."

తిట్టి ఉంటే బాగుండేది.

మోహన్ బయటికి వచ్చేసరికి పాప ఆయన భుజం మీద వెక్కుతోంది. ఆయన చొక్కా మీద పాప ముక్కులోంచి వచ్చిన రక్తం చుక్కలున్నాయి. "నాన్నకు టీబీ వచ్చింది. రెండుసార్లు. మన పెళ్ళికి ముందు" అని చెప్పాను. ఇంకేం చేర్చలేదు. ఆయన పాపను ఇంకో భుజం మీదికి మార్చుకున్నాడు. తర్వాత "ఫోన్ చెయ్" అన్నాడు.

మా ఊళ్ళో అప్పుడు మధ్యాహ్నం. మా అమ్మ ఎత్తింది.

"అమ్మా, నాన్న దవాఖానా కార్డు ఏది?"

"ఏం కార్డు?"

"మందుల కార్డు. టీబీది."

"గా పేరెందుకు తీస్తున్నవ్ ఇప్పుడు?" అంది గొంతు తగ్గించి. "పక్కన అల్లుడు లేడు గదా?"

"ఉన్నడు. వింటున్నడు."

అమ్మ ఏడుపు గొంతుతో, "నీ పెండ్లిచూపుల ముందురోజే పొయ్యిల ఏసిన బిడ్డా" అంది.

వెనక నుంచి నాన్న గొంతు వినపడింది. "ఏందది? ఇటియ్యి." ఫోన్ చేతులు మారింది. "అల్లుడూ, నేను చెప్త ఇను. మొదటిసారి మూడు నెలలు మింగిన గోలీలు. మంచిగైందనుకున్న. రోజూ పొద్దుగాల దవాఖానాకు పోయి మింగాలె. పనికి ఆలస్యమైతుంది. కాంట్రాక్టరుకు తెలిస్తే గేట్ పాస్ గుంజుకుంటడని బంద్ చేసిన. మళ్ళొచ్చింది. అప్పుడు రెండు నెలలు సూదులు గూడ ఇచ్చిన్రు, ఎనిమిది నెలలు వాడిన. అది పూరాగ వాడిన." ఆగి దగ్గాడు. "పిల్లదాని తప్పేం లేదయ్యా. నేనే చెప్పొద్దన్న."

ఆ చివరి మాట అబద్ధం. ఆయన ఏనాడూ నాకు చెప్పొద్దనలేదు. పెళ్ళిమాటలు నడిచిన రోజున ఆయన పనికి పోయాడు. నన్ను కాపాడటానికి మా నాన్న ఆ వయసులో అబద్ధమాడాడు. ఆసుపత్రి కారిడార్‌లో నిలబడి నేను దాన్ని విన్నాను. అప్పుడు కూడా కాదని చెప్పలేదు. అది అబద్ధమని మోహన్‌కు చెప్పింది ఆ తర్వాతి వారం.

రెండు రోజులు మోహన్ నాతో పాప గురించి తప్ప మాట్లాడలేదు. మూడో రోజు, గొట్టం వేయడం ఆఖరిసారి అయిపోయాక, క్యాంటీన్‌లో చాయ్ తాగుతూ అన్నాడు. "నాకు చెప్పకుంటే చెప్పకపోయినవ్. కోపం చేస్తనని భయపడ్డవ్, సరే. డాక్టరుకన్నా చెప్పొద్దా లలితా?"

నేను ఖాళీ కప్పులు తీసి ట్రేలో పెట్టాను.

పాపకు మందులు మార్చారు. మూడు రకాలు. ఒకటి నారింజ రంగు. కక్కితే అరగంటలోపు మళ్ళీ వేయాలి. రెండుసార్లు కక్కిన రోజులున్నాయి. మా ఇంట్లో దిండ్లు, నా చున్నీలు, గోడ, అన్నీ నారింజ మరకలే. నాకూ మందులు మార్చారు. ఆరు నెలలనుకున్నది నాకు తొమ్మిది నెలలైంది. మధ్యలో నాకు కామెర్లు వచ్చి పది రోజులు అన్నీ ఆపి ఒక్కొక్కటిగా మళ్ళీ మొదలుపెట్టారు. ఆ పది రోజులు, మందు లేకుండా మళ్ళీ పాపకు అంటిస్తానేమోనని మాస్క్ తీయకుండా వేరే గదిలో పడుకున్నాను. డాక్టరు అక్కర్లేదన్నా తీయలేదు.

కాంటాక్టుల లిస్టులో నేను మొదట రాయించని పేర్లు అప్పుడు రాయించాను. ఆదివారాల్లో కలిసే కుటుంబాలన్నీ. సుజాతక్కకు నేనే ఫోన్ చేసి చెప్పాను. ఆమె వెంటనే, "అయ్యో, అంత మాట నాకు చెప్పకూడదా తల్లీ, నేనేమన్నా పరాయిదాన్నా?" అంది. ఆమె చిన్నబ్బాయికి టెస్ట్ పాజిటివ్ వచ్చింది. జబ్బు కాలేదు కానీ నాలుగు నెలలు మందు వాడాల్సి వచ్చింది. తర్వాత ఆమె ఫోన్ చేయలేదు. నేను రెండుసార్లు చేశాను, ఎత్తలేదు. ఎత్తకపోవడం న్యాయమే. ఇది రాస్తున్నానని ఆమెకు తెలియదు. ఎప్పుడైనా చదివితే, అక్కా, ఆ రోజు ఆ ప్రశ్న నువ్వు నవ్వుతూ అడిగినందుకు కాదు. నువ్వు ఏడుస్తూ అడిగినా నేను లేదనే అనేదాన్ని.

ఆ తొమ్మిది నెలల్లో నేను స్పానిష్ నేర్చుకున్నాను. రోగంతో పాటు ఒక్కో మాట. దగ్గు, బరువు, పరగడుపు, మళ్ళీ ఎప్పుడు రావాలి. పాప బరువు చూసే నర్సు ఒకరోజు అంకె చెప్పి నా చెయ్యి నొక్కింది. మూడు వందల గ్రాములు పెరిగింది. ఆ వాక్యం నాకు మొత్తం అర్థమైంది. ఎవరినీ అడగక్కర్లేకపోయింది. బయటికి వచ్చి ఎండలో బెంచీ మీద కూర్చుని, ఎదురింటి ఇంగ్లండ్ పెద్దావిడకు ఫోన్ చేసి చెప్పాను. ఇంటి బయట చెప్పుకోవడానికి అప్పుడు నాకు ఆమె ఒక్కతే మిగిలింది.

ఇప్పుడు మేం ఖమ్మంలో ఉంటున్నాం. మోహన్ ప్రాజెక్ట్ అయిపోయింది, తిరిగి వచ్చేశాం. పాపకు మూడేళ్ళు నిండాయి. ఎక్స్-రే శుభ్రంగా ఉంది. నా ఊపిరితిత్తి మీద మచ్చ ఉండిపోతుందట, దానితో పనేం ఆగదన్నారు. రాత్రి పాప నిద్రలో ఒక్కసారి దగ్గినా లేచి కూర్చుంటాను. మోహన్, "జలుబే పడుకో" అంటాడు. పడుకోను. ఈ నాలుగు ముక్కలు రాసింది కూడా అట్లా లేచిన రాత్రుళ్ళలోనే.

వచ్చాక నేను చేసిన పని ఒకటుంది. ఒక తెల్లకాగితం తీసుకుని, మా రెండు ఇళ్ళల్లో ఎవరికి ఏ జబ్బు వచ్చింది, ఏ మందు ఎన్నాళ్ళు వాడారు, మధ్యలో ఆపారా అన్నవి రాయడం మొదలుపెట్టాను. మా వైపుది నాన్న దగ్గర కూర్చుని రాసుకున్నాను. ఆయన దాచకుండా చెప్పాడు. మా అమ్మ మాత్రం లేచి వెళ్ళి వాకిలి ఊడ్చింది. మోహన్ వైపుది అడగడానికి అత్తమ్మ దగ్గరికి పోయాను. అప్పటికి ఆమెకు మా సంగతి అంతా తెలుసు. తెలిసిన రోజు నన్ను అన్నవి ఇక్కడ రాయను.

"మీ ఇంట్ల ఏమన్నా ఉన్నయా అత్తమ్మా?" అని కాగితం చూపించాను.

"మాకేముంటయ్, బీపీ రాసుకో" అంది. చిక్కుడుకాయలు తుంచుతోంది. ఒక దోసెడు తుంచింది. తర్వాత తల ఎత్తకుండా, "మోహన్‌కు చిన్నప్పుడు ఫిట్స్ వస్తుండె" అంది. "పదేండ్లదాక గోలీలు మింగిండు. వానికి గూడ యాదికుందో లేదో. మీవాళ్ళకు చెప్పలేదు."

నేను పెన్ను పట్టుకుని అట్లే కూర్చున్నాను.

"రాయవేందే? పిల్లకు జరమొస్తే డాక్టరుకు తెల్వాలెగా" అంది. గొంతులో కోపమే ఉంది.

రాశాను. ఆమె దాచింది, మా అమ్మ దాచింది కాబట్టి నేను దాచింది తగ్గిపోదు. వాళ్ళు దాచినప్పుడు ఎవరికీ గొట్టం వేయలేదు.

చదివేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే. ఏ దేశంలో ఉన్నా, మన భద్రాచలంలో ఉన్నా, దవాఖానాకు తెలిసినవాళ్ళను తోడు తీసుకెళ్ళండి కానీ, మీ జవాబులు వాళ్ళ నోటితో చెప్పించకండి. భాష రాకపోతే ఆసుపత్రి ఇచ్చే దుబాసీని అడగండి, అది మన హక్కు. ఇంట్లో జబ్బుల సంగతి ముందే కాగితం మీద రాసుకుని, పక్కన ఎవరున్నా, మీ చేత్తో డాక్టరు చేతికి ఇవ్వండి. పేర్లు సరిగ్గా రాయండి. నిమ్ము అని రాయకండి.

మా కాగితంలో అందరికంటే కింద పాప పేరు ఉంది. దాని ఎదురుగా టీబీ అని, ఏ మందు పనిచేయలేదో, ఏవి ఎన్నాళ్ళు వాడామో రాశాను. ఎవరి నుంచి వచ్చింది అనే గడి ఒకటి గీసుకున్నాను, అది చాలా రోజులు ఖాళీగా ఉండిపోయింది. పోయిన వారం నింపాను. తల్లి నుంచి, అని రాశాను.